మందుల కవరు దాచి మ్యూజిక్ యాప్ చూపించాడు

డిజైనర్ ఉద్యోగానికి వచ్చే దరఖాస్తుల్లో రెజ్యూమె నేను చివర్లో చూస్తాను. ముందు తెరిచేది పోర్ట్‌ఫోలియోనే. డిగ్రీ ఎక్కడ చదివారు, మార్కులెన్ని అన్నది మా పనిలో రెండో సంగతి. అహ్మదాబాద్ ఎన్ఐడీలో చదివొచ్చిన అమ్మాయైనా, తెనాలిలో డీటీపీ చేసొచ్చిన అబ్బాయైనా మేం అడిగేది ఒకటే: ఏం చేశారో చూపించండి. చేసిన పని ఉండి కూడా చూపించడం తెలియక వెనుదిరిగిన వాళ్లను హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి చూస్తున్నాను. పని లేకుండానే చూపించడం బాగా నేర్చినవాళ్లనూ చూస్తున్నాను. ఈ రెండోరకం వాళ్లు ఇంటర్వ్యూలో దొరికిపోతారు. మొదటిరకం వాళ్లలో చాలామంది అసలు ఇంటర్వ్యూ దాకా రారు. నేను రాస్తున్నది వాళ్ల కోసం.

ముందు మావైపు నుంచి పోర్ట్‌ఫోలియో ఎలా చూస్తామో చెబితే సగం విషయం తేలిపోతుంది. ప్రకటన ఇచ్చాక వచ్చిన లింకుల్ని ముందు హెచ్ఆర్ వాళ్లు చూస్తారు, అదీ ఫోన్‌లో, చాలాసార్లు క్యాబ్‌లో కూర్చుని. తర్వాత మా దగ్గరికి వస్తాయి. మాకూ అది అసలు పని కాదు. మీటింగుకీ మీటింగుకీ మధ్యనో, సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందో కూర్చుంటాం. మొదటి చూపులో ఒక్కోదానికి నిమిషమో రెండు నిమిషాలో దక్కుతాయి. ఆ కాస్త సమయంలో మాకు కనబడేది ఏమిటంటే, 'వెల్‌కమ్ టు మై వరల్డ్' అనే పేజీ. దాని వెనక డిజైన్ గురించి ఎవరో మహానుభావుడి సూక్తి. దాని వెనక కాఫీ కప్పు పక్కన లాప్‌టాప్ ఫొటో. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ల గుర్తులు వరసగా పెట్టి, 'ఫొటోషాప్ 90 శాతం, ఇలస్ట్రేటర్ 85 శాతం' అని గీతలు. ఫొటోషాప్‌లో మీకు రాని ఆ పది శాతం ఏమిటని ఒకబ్బాయిని అడిగితే నవ్వేశాడు. ఇవన్నీ దాటి పని కనబడే వేళకు మేం ఇంకో లింకుకు వెళ్లిపోయి ఉంటాం. మీ పేరు, ఏ రకం పని చేస్తారు, ఏ ఊళ్లో ఉంటున్నారు, ఇవి మూడు ముక్కల్లో రాసి వెంటనే పనిలోకి దిగండి.

సాఫ్ట్‌వేర్ల మీద ఈ మోజు నాకు కొత్త కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో నేను పని నేర్చుకున్నప్పుడు పేజ్‌మేకర్ వస్తే చాలు, ఉద్యోగం ఖాయం అనేవాళ్లు. దాని ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది, అంతటితో సరి. ఫ్లాష్ నేర్చుకుని జీతాలు పెంచుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. 2020 డిసెంబరుతో అదీ పోయింది. ఇప్పుడంతా ఫిగ్మా. ఆ కంపెనీని 2000 కోట్ల డాలర్లకు కొంటానని అడోబీ 2022లో ప్రకటించి, 2023 డిసెంబరులో విరమించుకుంది. రేపు ఏది ఉంటుందో, ఏది పోతుందో ఎవరికి తెలుసు? సాఫ్ట్‌వేర్ పేర్లు రెజ్యూమెలో ఒక వరస ఉంటే చాలు.

ఇక పని దగ్గరికొస్తే, అన్నీ ఒకే పోర్ట్‌ఫోలియోలా ఉంటాయి. ఒక ఫుడ్ డెలివరీ యాప్‌కి కొత్త రూపు, ఒక మ్యూజిక్ యాప్‌కి కొత్త రూపు, ఊహల్లో మాత్రమే ఉన్న కాఫీ షాపుకు ఒక లోగో. ప్రతి ప్రాజెక్టులో గోడకంటించిన పసుపు కాగితాల ఫొటో ఒకటి. బ్రిటన్ డిజైన్ కౌన్సిల్ రెండు దశాబ్దాల కిందట ప్రచారంలోకి తెచ్చిన, డిజైన్ దశలను చూపే డబుల్ డైమండ్ బొమ్మ ఒకటి. ఇరవై ఎనిమిదేళ్ల బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకడు యూజర్‌గా ఉంటాడు, అతనికెప్పుడూ టైం ఉండదు. అమీర్‌పేటలో కోర్సు చేసినా, ఆన్‌లైన్‌లో చేసినా బ్యాచ్ మొత్తానికీ అవే ప్రాజెక్టులు. కొన్నిసార్లు ఫొటోలు కూడా అవే. ఒకే రోజు వచ్చిన ఇద్దరి పోర్ట్‌ఫోలియోల్లో ఒకే యూజర్, ఒకే పేరుతో, ఒకే మాట అంటూ కనబడ్డాడు.

సాధన కోసం అలాంటివి చేయడం తప్పేమీ కాదు. కానీ వాటిలో మాకు కావాల్సింది దొరకదు. ఆ పని మిమ్మల్ని చేయమన్నది ఎవరు? వద్దన్నది ఎవరు? డబ్బు చాలక దేన్ని వదులుకున్నారు? ఊహల్లోని కాఫీ షాపు యజమాని ఎప్పుడూ కాదనడు. నిజమైన యజమాని పొద్దున ఒకటి చెప్పి, సాయంత్రం వాళ్ల బావమరిది ఇంకోటి చెప్పాడంటాడు. ఆ బావమరిదిని ఎలా ఒప్పించారో చెబితే మీకు ఉద్యోగం ఇవ్వొచ్చో లేదో మాకు తెలిసిపోతుంది.

ఇందాక తెనాలి అన్నాను కదా, ఆ అబ్బాయి సంగతి వివరంగా చెబుతాను. పోర్ట్‌ఫోలియో తెరిచాడు, మ్యూజిక్ యాప్. ముదురు నీలం మీద గులాబీ రంగు, మెరుపులు. చూడ్డానికి బాగానే ఉంది, అంతకుముందు వారంలో చూసిన వాటన్నింటిలాగే ఉంది. అడిగిన వాటికి జవాబులు మాత్రం అప్పజెప్పిన పాఠంలా వస్తున్నాయి. చివరికి, "ఇది సరే, మీరు రోజూ చేసే పని ఏమిటి?" అన్నాను.

"అది పెట్టలేదు మేడం. ప్రెస్‌లో పని. ఫ్లెక్సీలు, బిల్లు బుక్కులు, మందుల కవర్లు..."

"మందుల కవర్లా? చూపించండి."

సిగ్గుపడుతూ ఫోన్ తీసి వాట్సాప్‌లో వెతికాడు. తెనాలిలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌కి చేసిన కాగితం కవరు అది, మాత్రలు వేసి ఇచ్చేది. పాత కవరు మీద ఉదయానికి కొండ మీద సగం సూర్యుడు, మధ్యాహ్నానికి నిండు సూర్యుడు, రాత్రికి చంద్రుడు ఉండేవట. కట్టలు ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా మందుల కౌంటర్ దగ్గర కాసేపు నిలబడేవాడు. చదువురాని పెద్దవాళ్లు కొందరు ఆ సగం సూర్యుణ్ని చూసి, పొద్దుగూకేటప్పుడు వేసుకోమన్నారనుకుంటున్నారు. ఉదయించే సూర్యుడికీ అస్తమించే సూర్యుడికీ బొమ్మలో తేడా ఎక్కడుంది? తీసేసి కోడిపుంజును పెట్టాడు.

అంతకంటే తిరకాసు భోజనానికి ముందు, తర్వాత అన్న గుర్తుల దగ్గర వచ్చింది. మొదట అన్నం ఉన్న కంచం, ఖాళీ కంచం వేశాడు. కౌంటర్ దగ్గర ఒకామెకు చూపిస్తే ఖాళీ కంచాన్ని పట్టుకుని, "ఏమీ తినకుండా వేసుకోవాలా నాయనా?" అందట. తను అనుకున్నదానికి సరిగ్గా తిరగబడింది. మళ్లీ గీశాడు. ఈసారి రెండింటిలోనూ ఒకే కంచం, పక్కన ఒక మాత్ర. ముందు వేసుకోవాల్సినదానికి మాత్ర మొదట, కంచం తర్వాత, మధ్యలో బాణం. తర్వాత వేసుకోవాల్సినదానికి కంచం మొదట, మాత్ర తర్వాత. అదే ఆమెకు చూపిస్తే ఈసారి తడుముకోకుండా చెప్పిందట. ప్రింటింగ్‌కి ఒక్క రంగే ఇచ్చారు. కాంపౌండర్ బాల్‌పెన్నుతో టిక్కు పెట్టాలి కాబట్టి నున్నటి కాగితం పనికిరాదు, గడులు పెద్దవి కావాలి. గడులు పెద్దవైతే డాక్టరుగారి పేరుకు చోటు తగ్గుతుంది. డాక్టరుగారు ససేమిరా అన్నారు. ఇతను రెండు ప్రూఫులు తీసి, తను మాట్లాడకుండా కాంపౌండర్ చేతికిచ్చాడు. కాంపౌండరే వెళ్లి చెప్పాడు. పేరు కవరు మూత మీదికి వెళ్లింది, అక్కడ ఇంకా పెద్దగా కనబడుతోంది కూడా.

ఇదంతా చెబుతున్నప్పుడు అతనికి ఎక్కడా మాట తడబడలేదు. మ్యూజిక్ యాప్ గురించి అడిగినప్పుడు పాఠం అప్పజెప్పిన మనిషి ఇతనేనా అనిపించింది. వినియోగదారుణ్ని గమనించడం, ప్రయత్నించి చూడటం, ఫలితం తేడా వస్తే మార్చడం, అడ్డం తిరిగినవాళ్లను దారికి తేవడం, మా పెద్ద కంపెనీల్లో వేరువేరు పేర్లతో పిలుచుకునే పనులన్నీ ఆ కవరు మీద ఉన్నాయి. దాన్ని పోర్ట్‌ఫోలియోలో పెట్టలేదు, ప్రెస్ పని నామోషీ అని!

మా దగ్గర ఆ పోస్టు అతనికి రాలేదు, దానికి యానిమేషన్ తెలిసినవాళ్లు కావాలి. కానీ ఆ సాయంత్రం కూర్చుని ఆ కవరును పేజీల్లోకి ఎలా ఎక్కించాలో మాట్లాడుకున్నాం. మొదట కొత్త కవరు ఫొటో, ఎవరిదో చేతిలో పట్టుకుని ఉన్నది. పగటి వెలుతురులో ఫోన్‌తో తీస్తే చాలు. ఇంటర్నెట్‌లో దొరికే మాకప్‌లో అతికించొద్దని గట్టిగా చెప్పాను. తర్వాత పాత కవరు, పక్కన రెండే వాక్యాలు: ఏమిటిది, ఎక్కడ పొరబడుతున్నారు. ఆ తర్వాత కంచాల కథ, తప్పిన గుర్తుతో సహా. తప్పినదాన్ని చాలామంది దాచేస్తారు. నేనైతే ముందు దాని కోసమే వెతుకుతాను. చివర్లో ఒక్క రంగు, కాగితం, డాక్టరుగారి పేరు. మొత్తం ఐదారు పేజీలు. మ్యూజిక్ యాప్ తీసేయమన్నాను. కొన్నాళ్లకు హైదరాబాద్‌లోనే ఆరోగ్యరంగంలో ఉన్న ఒక కంపెనీలో చేరానని మెసేజ్ పెట్టాడు.

మన పిల్లలు దాచే ఇంకో పని తెలుగు. పోర్ట్‌ఫోలియో అంతా ఇంగ్లిష్ అక్షరాలతో నింపుతారు. చేసిన పెళ్లి పత్రికలు, పుస్తకాల అట్టలు, పార్టీ కరపత్రాలు మాత్రం ఇంట్లో ఉంటాయి. తెలుగు అక్షరం కూర్చడం తెలిసిన డిజైనర్లు ఎంత తక్కువో వీళ్లకు తెలియదు. ఇంగ్లిష్‌కి సరిపోయే వరుసల ఎడం తెలుగుకి చాలదు. 'రాష్ట్రం', 'లక్ష్మి' అన్న చోట పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీదికి దిగిపోతాయి. ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల బటన్ మీద 'కొనసాగించండి' అని పెడితే పట్టదు. యాప్‌లో ఈ చిక్కులు ఎలా తీర్చారో ముందు, తర్వాత పక్కపక్కన పెట్టి చూపిస్తే తెలుగు రాని బాస్‌కి కూడా అర్థమవుతుంది. చదివే పాఠానికి మండలి, శీర్షికకు రామభద్ర ఎందుకు ఎంచుకున్నారో ఒక్క ముక్క రాయండి. ఆ రెండు ఫాంట్లూ గూగుల్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, వాడకపోవడానికి సాకులు చెప్పక్కర్లేదు. బొమ్మలు వేసేవాళ్లకు మాత్రం ఒక మనవి. జడ వేసుకుని వెనక్కి తిరిగిన బాపు బొమ్మను నాకు చూపించొద్దు. బాపుగారు ఒక్కరే, ఆయన వేసేశారు. మీ వీధిలో ఇడ్లీలు వేసే ఆవిడను వేసి తీసుకురండి.

పెద్ద కంపెనీలో పనిచేస్తున్న వాళ్ల ఇబ్బంది వేరు. చేసినదంతా రహస్యం అంటూ కాగితం మీద సంతకం పెట్టి ఉంటారు. ఇంకా విడుదల కాని స్క్రీన్లు పోర్ట్‌ఫోలియోలో పెట్టి పంపేవాళ్లను నేను తీసుకోను. అక్కడి రహస్యం ఇక్కడ చెప్పినవాళ్లు మా రహస్యం ఇంకోచోట చెబుతారు. విడుదలైనది ఎలాగూ జనం చూశారు. దాని వెనక మీ ఆలోచన ఏమిటో, అంకెలూ కస్టమర్ల పేర్లూ తీసేసి చెప్పొచ్చు. అనుమానం ఉంటే మీ మేనేజర్నే అడగండి. అడిగితే ఉద్యోగం మారుతున్నట్టు తెలిసిపోతుందని భయం, నిజమే. అందుకే పోర్ట్‌ఫోలియో పని ఉద్యోగం మారాలనుకున్నప్పుడు కాదు, ప్రాజెక్టు ముగిసిన వారమే చేసుకోవాలి. అప్పుడు అడిగితే ఎవరూ అనుమానించరు.

ఎవరెంత చేశారన్నది కూడా స్పష్టంగా ఉండాలి. పదిమంది చేసిన యాప్‌ను 'నేను డిజైన్ చేశాను' అని రాస్తే, మిగతా తొమ్మిదిమందిలో ఒకరు మాకు తెలిసే ఉంటారు. హైదరాబాద్‌లో డిజైనర్ల లోకం అంత పెద్దదేమీ కాదు. 'ఇందులో చెల్లింపు స్క్రీన్లు మాత్రం నావి, ఐకాన్లు ఇంకొకరు వేశారు' అని రాసినవాళ్ల మీద నమ్మకం కుదురుతుంది. ఏఐతో చేయించిన బొమ్మల విషయంలోనూ ఇదే మాట. వాడితే వాడారు, చెప్పండి. నేనైతే ఇంటర్వ్యూలో, "అసలు ఫైల్ ఒకసారి తెరవండి" అంటాను. లేయర్ల పేర్లు, చెత్తబుట్టలో వేయకుండా పక్కన ఉంచుకున్న పాత ప్రయత్నాలు చూస్తే ఎవరు చేశారో తెలిసిపోతుంది. అన్ని లేయర్లకూ 'కాపీ ఆఫ్ కాపీ' అని ఉన్నా ఫర్వాలేదు, అది మనిషి పనే.

ప్రెస్‌లో, డీటీపీలో పనిచేసేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది, పనిని భద్రపరచుకోవడం గురించి. అను ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్లు, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనబడతాయి. కోరెల్‌డ్రా కొత్త వెర్షన్‌లో చేసింది పాత వెర్షన్‌లో తెరుచుకోదు. అందుకని పని అయిన రోజే అక్షరాలను కర్వ్స్‌గా మార్చి ఒక పీడీఎఫ్, అచ్చయిన కాపీ రెండు, దాని ఫొటో ఒకటి పక్కన పెట్టుకోండి. మా కాలంలో జిప్పు ఉన్న నల్ల ఫోల్డరులో, పారదర్శకమైన కవర్లలో శుభలేఖలూ విజిటింగ్ కార్డులూ దోపుకుని రైలెక్కేవాళ్లం. ఇప్పుడు 25 ఎంబీలోపు పీడీఎఫ్ అయితే జీమెయిల్‌లో అటాచ్ అయి వెళ్లిపోతుంది. సౌకర్యం పెరిగింది, జాగ్రత్త తగ్గింది.

లింకుల గురించి ఎక్కువ చెప్పను. గూగుల్ డ్రైవ్ లింకు పంపుతారు, తెరిస్తే 'అనుమతి అడగండి' అంటుంది. ఆ అనుమతి అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. పంపే ముందు మీ లాగిన్ లేని ఇంకొకరి ఫోన్‌లో తెరిచి చూడండి. ఫిగ్మా ఫైలు నేరుగా పంపితే ఫోన్‌లో తెరుచుకునేసరికి తెల్లారుతుంది, పీడీఎఫ్ చేసి పంపండి. ఫైలు పేరు 'పోర్ట్‌ఫోలియో ఫైనల్ ఫైనల్ 2' అని కాకుండా మీ పేరు, చేసే పని ఉండాలి. బెహాన్స్‌లో పెట్టుకోండి, తప్పులేదు. కానీ అక్కడ వచ్చిన లైకులు లెక్కేసి రాయొద్దు.

ఎన్ని ప్రాజెక్టులు అని అందరూ అడుగుతారు. మూడు బాగా చెప్పగలిగితే మూడే. అన్నింటికంటే బాగున్నది మొదట, దాని తర్వాతది చివర. ఎక్కడికి పంపుతున్నారో చూసుకోవాలి కూడా. యాడ్ ఏజెన్సీకి ఐడియాలు కావాలి, ఒక్కో పేజీలో ఒక్కో ఐడియా తళుక్కుమంటే చాలు. యాప్‌లు చేసే కంపెనీకి ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కి మనిషి ఎలా వెళతాడో, ఎక్కడ ఆగిపోతాడో కావాలి. మోషన్ వాళ్లకు నిమిషం వీడియో. ముగ్గురికీ ఒకటే పంపితే ముగ్గురికీ సగమే అందుతుంది.

ఇంగ్లిష్ భయం ఒకటి ఉంది. కేస్ స్టడీ అనగానే గొప్ప గొప్ప మాటలు ఎక్కడెక్కడినుంచో తెచ్చి పేర్చుతారు, ఇప్పుడు చాట్‌జీపీటీ రాసిపెడుతోంది. చదివితే తెలిసిపోతుంది, మనిషి ఒకలా మాట్లాడతాడు, పేజీ ఒకలా మాట్లాడుతుంది. జరిగింది ముందు ఎవరికైనా తెలుగులో చెప్పండి, మీ అమ్మగారికి చెప్పినా సరే. ఆవిడ ఎక్కడ 'ఎందుకూ?' అని అడిగారో అక్కడ ఒక వాక్యం కావాలన్నమాట. తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయండి. అక్షరదోషాలు ఇంకొకరితో చూపించుకోండి. గ్రామర్ తప్పును మేం క్షమిస్తాం, కంపెనీ పేరు తప్పు రాస్తే క్షమించం.

పోర్ట్‌ఫోలియో నచ్చాక టెస్టు ఇస్తారు. ఒక పూటలో అయ్యే చిన్న సమస్య ఇస్తే చేయండి, అది న్యాయమే. వారం రోజులు కూర్చుని వాళ్ల యాప్ మొత్తం మార్చి ఇమ్మంటే అది టెస్టు కాదు, ఉచితంగా చాకిరీ చేయించుకోవడం. మర్యాదగా, 'ఇందులో ఒక్క భాగం చేసి చూపిస్తాను' అనండి. మంచి చోటైతే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అక్కడ ఉద్యోగం వచ్చినా ఎక్కువ కాలం ఉండలేరు.

చివరిగా ప్రెస్ యజమానులకు, డీటీపీ సెంటర్లు నడిపేవాళ్లకు ఒక విన్నపం. మీ ఆపరేటర్ చేసిన పని అచ్చయినప్పుడు రెండు కాపీలు ఆ పిల్లాడికి ఇవ్వండి, ఫొటో తీసుకుంటానంటే కాదనకండి. పోర్ట్‌ఫోలియో చేసుకుంటే వెళ్లిపోతాడని భయపడతారు, తెలుసు. వెళ్లేవాడు ఎలాగూ వెళతాడు. వెళ్లినవాడు తన పని చూపించినప్పుడల్లా మీ ప్రెస్ పేరు చెబుతాడు.